ఏడో బిళ్ళ

నూకరత్నం బల్లమీద వెల్లకిలా పడుకుని, కాలివేళ్ల సందున నేను గుచ్చిన సూదికేసి చూస్తోంది. నలభై నిమిషాలు కదలకూడదని చెప్పాను. కదలడం సరికదా, ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తోంది. పక్కన పచ్చతెరకి అవతల ఆవిడ అక్క పోలమ్మ పడుకుని ఉంది.

"నొప్పెడితే చెప్పు" అన్నాను.

"దీనికి నొప్పేటి డాక్టరమ్మా. రొయ్య ముల్లు దిగితే ఇంతకి పదింతలు ఉంటాది."

గదిలో దీపాలు ఆర్పి కెమెరా ఆన్ చేశాను. సూది వేసిన చోటునుంచి సన్నటి ఆకుపచ్చ గీత పాదం మీదుగా పాకింది. చీలమండ దాటి, పిక్క లోపలివైపుగా మోకాలు చేరి, తొడ ఎక్కి గజ్జల్లోకి వచ్చింది. అక్కడ ఒక్కొక్క బిళ్ళనీ వెలిగిస్తూ పోయింది. కాల్లో నెత్తురు వెనక్కి పోగా మిగిలిన నీటిని పైకి మోసుకుపోయేది ఆ దారులే. మధ్యలో ఉన్న గ్రంథుల్నే మనవాళ్లు బిళ్ళలంటారు. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ళ కట్టిందంటారే, అవే. దారులు పూడిపోతే నీరు కాల్లోనే నిలిచి అది బోదకాలవుతుంది. పోలమ్మ ఎడమకాలు పదిహేనేళ్లుగా అలాగే ఉంది.

నా ఉద్యోగం పటాలు గీయడం. ఒకరి గజ్జల్లోంచి బిళ్ళ తీసి ఇంకొకరి కాల్లో పెట్టాలంటే, ఏది తియ్యాలో ముందు తెలియాలి. కాలినీరు మోసే బిళ్ళని తీస్తే ఇచ్చినవాళ్ల కాలు వాస్తుంది. ఒకరి జబ్బు తీసుకెళ్లి ఇంకొకరికి అంటగట్టినట్టవుతుంది. అందుకే కాల్లో మందు వేసి, నలభై నిమిషాల్లో ఏది వెలగదో దాన్నే తీస్తాం. వెలగనిదానికి కాలితో పని లేదని మా నమ్మకం.

నూకరత్నం ఎడమ గజ్జల్లో అన్నీ వెలిగాయి. కుడివైపు పదకొండింటిలో పది వెలిగాయి. ఏడోది, బయటివైపు కాస్త ఒదిగి ఉన్నది, నల్లగానే ఉండిపోయింది. కలిపి కుట్టడానికి సరిపోతుందా అని దాని రక్తనాళం పొడవు కొలిచాను. మూడు సెంటీమీటర్లకి పైనే ఉంది. ఇంతకంటే మంచి బిళ్ళ దొరకదు. నాకు ఒళ్లు పులకరించింది, దాచడం ఎందుకు.

డాక్టర్ పరాంకుశం గారు లోపలికి వచ్చి కెమెరా తెరమీద పటం చూశారు. మా పరిశోధన కేంద్రానికి ఆయనే పెద్ద. ఇంతవరకూ ఎవరి బిళ్ళ వాళ్లకే పనికొచ్చేది. పరాయిది పెడితే ఒళ్లు దాన్ని కుళ్లబెట్టేసేది. ఆయన పదకొండేళ్లు పందులమీద పనిచేసి ఒక తొడుగు కనిపెట్టారు. పుచ్చుకునేవాళ్ల నెత్తురులోంచే పెంచిన పల్చటి పొర అది. తీసిన బిళ్ళని అందులో తొమ్మిది నిమిషాలు ముంచితే, పాలమీద మీగడ కట్టినట్టు చుట్టూ కట్టుకుంటుంది. ఆ తర్వాత ఒంటికి అది సొంతదే అనిపిస్తుంది. ఇక జీవితాంతం మందులు మింగే పని లేదు. మనుషుల్లో ఇదే మొదటిసారి. రక్తసంబంధం ఉన్నవాళ్లయితేనే ఒప్పుకుంటామని అనుమతులిచ్చే కమిటీ వాళ్లు షరతు పెట్టారు. అలా దొరికారు ఈ అక్కచెల్లెళ్లు.

"బాగుంది కుసుమా" అన్నారాయన. తర్వాత వంగి నూకరత్నం కుడితొడ చూశారు. మోకాలికి జానెడు పైన, తొడ చుట్టూ వడ్డాణంలా ఒక నల్లటి గాడి ఉంది. "ఇదేమిటి?"

అదేమిటో నాకు తెలుసు. ఆ గదిలో ఇంకే డాక్టరుకీ తెలిసే అవకాశం లేదు. రొయ్యల షెడ్డులో ఆడవాళ్లు మంచునీళ్లలో పదేసి గంటలు నిలబడి తలలు తీస్తారు. చీర తడవకుండా కుచ్చెళ్లు పైకి లాగి, మెలిపెట్టి, కుడితొడకి గుడ్డపీలికతో బిగించి కట్టేస్తారు. వదులుగా కడితే జారుతుంది, జారితే మేస్త్రీ తిడతాడు. అందుకని చర్మం కోసుకుపోయేలా కడతారు. మా అమ్మ తొడమీద అలాంటి గాడే ఉండేది. స్నానం చేయించేటప్పుడు చిన్నతనంలో నేను దానిమీద వేలు పెట్టి చుట్టూ తిప్పేదాన్ని.

కానీ మా నాన్న విజయనగరంలో బడిపంతులని నేను అందరికీ చెప్పుకున్నాను. పరాంకుశం గారి ఇంట్లో భోజనం చేస్తూ కూడా చెప్పాను. మా అమ్మ గురించి ఎవరైనా అడిగితే, పోయింది అనేదాన్ని. అది మాత్రం నిజం. ఈ గాడి సంగతి చెబితే, నీకెలా తెలుసమ్మా అని అడుగుతారు.

"పాత కాలిన మచ్చ సార్" అన్నాను.

"కాలినది కాదు బాబూ, గుడ్డ కట్టీకాడ..." అంటూ నూకరత్నం తల ఎత్తబోయింది.

"మాట్లాడకు. మందు నడుస్తోంది" అన్నాను.

పాపం, నోరు మూసేసింది. పరాంకుశం గారు చీటీలో కాలిన మచ్చ అని రాయించి వెళ్లిపోయారు. పటం పక్కన నేను సంతకం పెట్టాను. ఆ గాడికీ ఏడో బిళ్ళకీ సంబంధం ఉంటుందని అప్పుడు నాకు తట్టలేదంటే మీరు నమ్మాలి. ఒకవేళ తట్టినా చెప్పేదాన్నా అంటే, ఏమో.

ఆపరేషన్ ఆరుగంటలు పట్టింది. నూకరత్నం గజ్జల్లోంచి తీసిన బిళ్ళ చిక్కుడుగింజంత ఉంది. తొడుగులో ముంచి, పోలమ్మ చీలమండ దగ్గర గూడు చేసి పెట్టి, రక్తనాళాల్ని దారంతో కలిపారు. నెత్తురు పారగానే అది గులాబిరంగుకి తిరిగింది. పరాంకుశం గారు మాస్కు వెనక ఏడుస్తున్నారు. నేనూ ఏడ్చాను.

రెండో నెలకి పోలమ్మ పిక్క చుట్టుకొలత పదకొండు సెంటీమీటర్లు తగ్గింది. మడతలు పడి గట్టిపడిన చర్మం మెత్తబడింది. ఒకరోజు జత చెప్పులు వేసుకుని వచ్చింది. పదిహేనేళ్లుగా ఆవిడ ఒంటి చెప్పుతోనే గడిపింది, రెండో కాలికి ఏదీ పట్టేది కాదు. వరండా ఆ చివరినుంచి ఈ చివరికి నడిచి చూపించింది. నర్సులు చప్పట్లు కొట్టారు. ఆ కాలి ఫొటో విదేశీ పత్రికలో వచ్చింది. ఫొటో కింద మొదటి పేరు పరాంకుశం గారిది, రెండోది నాది.

అక్కచెల్లెళ్లిద్దరూ భీమిలి అవతల ఒక జాలరిపేటలో ఉంటారు. ఇద్దరికీ మొగుళ్లు లేరు. నూకరత్నం మొగుడు సముద్రంలో పోయాడు, పోలమ్మ మొగుడు కాలు చూసి పోయాడు. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే చెల్లెల్ని పోలమ్మే పెంచింది. పోలమ్మ కాలు చెడ్డాక నూకరత్నం షెడ్డుకెళ్లి ఇద్దరి కడుపూ నింపింది. ఆపరేషన్ ముందు, ఎందుకిస్తున్నావమ్మా అని కమిటీ వాళ్లు అడిగితే, "మాయప్ప సంకనేసుకుని పెంచింది నన్ను. ఇప్పుడు దాన్ని నడిపించాల" అని అక్క గురించి ఒక్క ముక్కలో చెప్పింది.

మూడో నెలలో నూకరత్నం వచ్చి, పాదం బరువుగా ఉంటోందంది. మా కేంద్రంలో కొలతలన్నీ పొద్దున్న ఏడున్నరకే. రాత్రంతా పడుకుని లేచిన కాలు అది. టేపు పెట్టి చూస్తే రెండుకాళ్లూ సమానమే. నీ భ్రమ అని పంపేశాం. పదిహేను రోజులకి మళ్లీ వచ్చింది. మళ్లీ సమానమే. "ఆపరేషన్ అయినవాళ్లకి అలా అనిపిస్తుంది" అని ఒక చిన్న డాక్టరు సర్దిచెప్పాడు.

మూడోసారి తెలివిగా వచ్చింది. పొద్దున్న కాదు, సాయంత్రం నాలుగున్నరకి, షెడ్డునుంచి తిన్నగా. ఒళ్లంతా రొయ్యల నీచు. తొడకి కట్టిన గుడ్డపీలిక కూడా విప్పలేదు. వరండాలో కూర్చున్నవాళ్లు ముక్కులు మూసుకున్నారు.

"ఇప్పుడు సూడండి డాక్టరమ్మా. పొద్దున్న సూత్తే ఏటి తెలుత్తాది? నాను పనిసేసీది పగలు కదా" అంది.

టేపు పెట్టాను. కుడికాలు నాలుగున్నర సెంటీమీటర్లు ఎక్కువ. వేలితో నొక్కితే పడిన గుంట తిరిగి పూడలేదు.

ఎవర్నీ పిలవకుండా ఆవిడ్ని లోపలికి తీసుకెళ్లి తలుపేశాను. గుడ్డ విప్పకుండానే, నిలబెట్టే, కాల్లో మందు వేశాను. ఆకుపచ్చ గీత పాదం మీదుగా, పిక్క లోపలివైపుగా, మోకాలు దాటి గుడ్డదాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. కాసేపు తచ్చాడింది. తర్వాత పక్కకి తిరిగి, గుడ్డ కింద లోతుగా దూరి, తొడ బయటివైపు తేలింది. పదిహేనేళ్లుగా ఆ బిగింపు కింద నలిగిన ఒళ్లు తనకోసం తవ్వుకున్న పక్కదారి అది. బల్లమీద, గుడ్డ విప్పి, విశ్రాంతిగా పడుకోబెట్టి చూస్తే ఆ దారిలో నీరు పారదు. అందుకే మాకు కనబడలేదు. పనిలో నిలబడినప్పుడు కాలి భారమంతా దానిదే. ఆ గీత పైకి పాకి, గజ్జల్లో మేము కోసిన గాటు దగ్గరికి చేరింది. ఏడో బిళ్ళ ఉండాల్సిన చోటు అది. అక్కడ వెళ్లే దిక్కు లేక చర్మం కింద మరకలా పరుచుకుంది.

"ఏటమ్మా అది?" అంది నూకరత్నం, తెరకేసి చూస్తూ.

"ఏం లేదు" అన్నాను.

పటం తీసుకెళ్లి పరాంకుశం గారికి చూపించాను. ఆయన చెడ్డవాడు కాదు, మూర్ఖుడు అసలే కాదు. చూడగానే అర్థమైంది ఆయనకి.

"నిలబెట్టి పటం తియ్యడం మన పద్ధతిలో లేదు కదమ్మా" అన్నారు. "ఇచ్చినవాళ్లు విశ్రాంతి తీసుకోవాలని మనం కాగితంమీద రాసే ఇచ్చాం. ఆవిడ నెలతిరక్కుండా పనిలోకెళ్లింది. ఫైల్లో అదే రాయి."

"మరి కాలు సార్?"

"ఒక దారుంది. అది ఆవిడ సొంత బిళ్ళే. అక్క దగ్గర్నుంచి తీసి తిరిగి పెడితే తొడుగు కూడా అక్కర్లేదు, కాలు దిగిపోతుంది. కానీ ఆపరేషనై ఆరునెలలు దాటితే కాలు లోపల గట్టిపడిపోతుంది, ఆ తర్వాత ఏం పెట్టినా లాభం లేదు. వెళ్లి వాళ్లక్కని అడుగు. నేనైతే అడగను."

నూకరత్నం ఒంట్లో వేరేచోటనుంచి తియ్యొచ్చేమోనని మెడలోవీ చంకలోవీ కూడా చూశాను. ఒక్కదానికీ రక్తనాళం సరిపోలేదు. ఆరునెలల్లో నాలుగు అప్పటికే గడిచిపోయాయి. నూకరత్నం కాలు దక్కాలంటే పోలమ్మ ఒప్పుకోవాలి. వేరే గతి లేదనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ల పేటకి వెళ్లాను. వలలు ఆరేసిన సందుల్లోంచి అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాను. పోలమ్మ గుమ్మంలో చేపలు తోముతోంది. నూకరత్నం నీళ్లకి వెళ్లిందట, వీధి చివర ట్యాంకరు దగ్గర. అంత కాలేసుకుని.

"కుర్చీ ఉందా?" అన్నాను, ఏం మాట్లాడాలో తోచక.

పోలమ్మ తలెత్తి చూసింది. "నీకు కుర్చీ ఎందుకు. నువ్వు సింహాచలం కూతురివి కావేటి? సాప మీద కూకో."

నేను చెప్పులు గుమ్మం బయట విడిచాను.

"ఆస్పత్రిలో మొదట్రోజే ఆనవాలు పట్టీసినాను. మీ అమ్మతో నాను ఆరేళ్లు షెడ్డులో ఒక బల్లకాడే నిల్చున్నాను. నా కూతురు డాక్టరవుతాదని తలలు తీత్తూనే సెప్పుకునీది. నువ్వు మమ్మల్ని ఎరగనట్టున్నావు కదా, మరెందుకులే అనూరుకున్నాను."

చాపమీద కూర్చున్నాను. అక్కడిదాకా వచ్చాక దాచేదేముంది. కాలినీరు, గుడ్డ, పక్కదారి, అన్నీ చెప్పాను. తప్పు నాదని చెప్పాను. ఆ బిళ్ళ తిరిగిస్తే చెల్లెలి కాలు బాగుపడుతుందనీ, ఇవ్వకపోతే ఇక ఎప్పటికీ బాగుపడదనీ చెప్పాను.

పోలమ్మ చేపలు తోమడం ఆపలేదు.

"నాను తిరిగిత్తే నా కాలేటవుతాది?"

"మళ్లీ వాస్తుంది. ఇదివరకటికంటే ఎక్కువే వాయొచ్చు."

"అయితే ఇయ్యను."

అంత తేలిగ్గా అంటుందని నేను అనుకోలేదు. "అది నీ చెల్లెలు పోలమ్మా" అన్నాను.

"తెలుసు. నానే పెంచినాను. పదిహేనేళ్లు గుమ్మంలో కూకున్నాను డాక్టరమ్మా. దొడ్డికెల్లాలన్నా దాన్నే పిలిసీదాన్ని. సముద్రం ఈ సందు సివర ఉంది, పదిహేనేళ్లు సూణ్ణేదు. ఇప్పుడు మళ్లీ కూకోమంటే కూకోలేను. అది సిన్నది, ఓర్సుకుంటాది."

లేచి చేతులు కడుక్కుంది. చీర కుచ్చెళ్లు పైకి లాగి కట్టుకుని ఉంది. కుడితొడకి కొత్త గుడ్డపీలిక బిగించి ఉంది.

"షెడ్డుకి వెళ్తున్నావా?"

"అది నిలబడనేకపోతంది కదా. దాని బల్ల నాకిచ్చినారు. నాల్రోజులయింది."

"ఆ గుడ్డ అంత బిగించి కట్టకు. నీక్కూడా అదే గతి పడుతుంది."

"మరేటి కట్టమంటావు?"



ఆవిడ నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. గొంతు తగ్గించింది. "ఓ మాట సెప్తాను ఇను. ఆ రోజు ఆ పెద్దడాక్టరు అడిగితే కాలిన మచ్చని నువ్వన్నావు. తెరకివతల నాను ఇన్నాను. అది కాలినది కాదని నాకూ తెలుసు. ఒక్క మాట అంటే ఆపరేసన్ ఆగిపోతాదేమోనని నోరిప్పలేదు. నాకు కాలు గావాల. నీకు పరువు గావాల. ఇద్దరం కలిసే దాని నోరు నొక్కీసినాం. నన్నొక్కదాన్నే ఇమ్మంటావేటి? తప్పు నీదంటన్నావు కదా, నీ కాల్లోది ఇయ్యి."

నేను వచ్చేస్తుంటే నూకరత్నం బిందెతో సందు మొదట్లో ఎదురైంది. నాలుగడుగులకోసారి ఆగి గోడ పట్టుకుంటోంది. "వచ్చినారా డాక్టరమ్మా, టీ అయినా తాక్కుండా ఎల్తన్నారేటి" అంది.

పోలమ్మ మాటని నేను కొట్టిపారెయ్యలేకపోయాను. ఎందుకంటే అది సాధ్యమే. మొదటి ఆపరేషన్ ఫలితం చూశాక, రక్తసంబంధం లేనివాళ్లు కూడా ఇవ్వొచ్చని కమిటీ వాళ్లు షరతు సడలించారు. ఆ కాగితం తయారుచేసిందే నేను. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ, ల్యాబులో ఎవరూ లేనప్పుడు, నా కుడికాలి వేళ్ల సందున నేనే సూది గుచ్చుకున్నాను.

ఈసారి పటం సరిగ్గా తీశాను. పడుకుని తీశాను, నిలబడి తీశాను, వరండాలో గంటసేపు నడిచొచ్చి తీశాను. మూడుసార్లూ ఒక బిళ్ళ వెలగలేదు. రక్తనాళం మూడున్నర సెంటీమీటర్లు. రక్తం గుంపు కుదిరింది. నేను చూసిన ఏ పటంలోనూ అంత చక్కటి బిళ్ళ కనబడలేదు. దాన్ని తీస్తే నా కాలికి ఏమీ కాదని నా చదువంతా చెబుతోంది. ఇంకొకరి పటమైతే కళ్లుమూసుకుని సంతకం పెట్టేదాన్ని.

నూకరత్నం పటం మీద సంతకం పెట్టడానికి నాకు అర నిమిషం పట్టలేదు. నా పటం ముందు రెండుగంటలు కూర్చున్నాను. నాలుగో రకంగా చూస్తే వెలుగుతుందేమో అనిపించింది. నాకు తెలియని గుడ్డపీలిక ఏదో నా ఒంట్లోనూ ఉందేమో అనిపించింది. ఆపరేషన్ గదిలో రోజూ నిలబడే కాళ్లివి. పోలమ్మ కాలు పాతరూపంలో కళ్లముందు మెదిలింది, ఆ మడతలూ ఆ పుండ్లూ ఆ వాసనా. నేను గీసిన పటాన్ని నేనే నమ్మలేదు. భయమేసింది, అంతే. మూడు పటాలూ చెరిపేశాను. చీటీలో రక్తనాళం పొట్టిదని రాసి సంతకం పెట్టాను.

గడువు ఇంకో వారముందనగా వాళ్లింటికి వెళ్లాను. పోలమ్మ షెడ్డుకెళ్లింది. నూకరత్నం ఒక్కతే ఉంది. కుడికాలు చేపల డబ్బా మీద పెట్టుకుని వల చిరుగులు కుడుతోంది. పాదం పైభాగం ఉబ్బి వేళ్లు లోపలికి పోయాయి. చర్మం మీద నారింజతొక్క మీద ఉన్నట్టు చిన్నచిన్న గుంటలు. అది గట్టిపడటానికి గుర్తు.

"మీ అక్క ఒప్పుకోలేదు" అన్నాను.

"తెలుసమ్మా. దాన్నేటీ అనకండి. దానికి మళ్లీ ఆ కాలొత్తే సచ్చిపోతాది."

"నాది పెడదామని చూశాను రత్నం. పనికిరాలేదు. రక్తనాళం పొట్టిగా ఉంది."

ఆవిడ చేతిలో సూది ఆగిపోయింది. నన్ను తేరిపార చూసింది. "మీరు పరీచ్చ సేసుకున్నారా? నాకోసం?"

"ఊ."

"మీ కాల్లోది ఇద్దామనా?"

మళ్లీ ఊ అన్నాను. ఆవిడ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. పక్కింటివైపు తిరిగి, "ఒలే కనకా, ఇన్నావేటి? డాక్టరమ్మ నాకోసం తన కాలు కోయించుకుందారని సూసుకున్నారంట. ఎవులు సేత్తారే ఇలగ?" అని కేకేసింది. కనక వచ్చింది, ఇంకో ఇద్దరు వచ్చారు. గుమ్మంలో నిలబడి నాకేసి గౌరవంగా చూశారు. ఒకామె వాళ్లింట్లోంచి కుర్చీ తెచ్చి వేసింది.

"పోనీలెండమ్మా, మీరేటి సేత్తారు. నా రాత అలగుంది. అనుకున్నారు, అదే సాలు" అంది నూకరత్నం. నాకే ధైర్యం చెబుతోంది. "ఉండండి, టీ ఎడతాను. ఆవేళ తాక్కుండా ఎల్లిపోనారు."

గోడ పట్టుకుని లేచింది. పొయ్యి గది ఆ మూలనుంది. ఒక్కో అడుగుకీ పళ్లు కరుచుకుంటూ కాలు ఈడ్చుకెళ్లి స్టవ్ వెలిగించింది. మరిగేదాకా ఒంటికాలి మీద నిలబడింది. గ్లాసు వేడిగా ఉందని కొంగుతో పట్టుకుని, అంత దూరమూ మళ్లీ ఈడ్చుకుంటూ వచ్చి నా చేతికిచ్చింది. నేను కుర్చీలో కూర్చుని తాగాను.

"ఇంకాస్త పొయ్యమంటారేటి?" అంది.

పొయ్యమన్నాను.